పురుగును హరించే బూజు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బూజు అనగానే మనకు పాడైన పచ్చడి జాడీ, వానాకాలపు గోడ స్ఫురిస్తాయి. కానీ ప్రకృతిలో కొన్ని జాతుల బూజులు కీటకాల దేహాలనే ఆహారంగా చేసుకొని జీవిస్తున్నాయి. వాటిని శాస్త్రజ్ఞులు కీటకనాశక శిలీంధ్రాలని వ్యవహరిస్తారు. కూరగాయలు, మల్బరీ పక్కపక్కనే పండే మన హోసూరు ప్రాంతంలో వీటివల్ల గొప్ప మేలూ ఉన్నది, ఒక ప్రమాదమూ ఉన్నది. ఆ రెండింటినీ విన్నవించుకోవడమే నా ఉద్దేశం.

ఈ విజ్ఞానానికి మూలం పట్టుపురుగే. ఇటలీ దేశంలో పట్టుపురుగులు తెల్లగా, సున్నపు ముద్దవలె గట్టిపడి చనిపోతుండగా, అగోస్టినో బస్సి అనే పరిశోధకుడు అనేక సంవత్సరాలు శ్రమించి, ఆ రోగానికి కారణం ఒక శిలీంధ్రమని 1835లో ప్రకటించాడు. సూక్ష్మజీవి వలన జంతువుకు రోగం వస్తుందని నిరూపితమైన తొలి సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఆ శిలీంధ్రానికి ఆయన పేరిటనే బవేరియా బాసియానా అని నామకరణం జరిగింది. 1879లో రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ గోధుమ పైరును పాడుచేసే పెంకు పురుగుపై మరొక శిలీంధ్రాన్ని గుర్తించి, దానినే ఆయుధంగా వాడవచ్చునని సూచించాడు. అదే నేటి మెటారైజియం.

ఇవి పనిచేసే తీరు విచిత్రమైనది. బాక్టీరియా, వైరస్ మందులు పురుగు కడుపులోకి పోతేనే పనిచేస్తాయి. శిలీంధ్ర బీజానికి ఆ అవసరం లేదు. అది పురుగు చర్మానికి అంటుకొని, తేమ తగలగానే మొలకెత్తి, చర్మాన్ని కరిగించే ఎంజైములను స్రవించి లోపలికి చొచ్చుకొని పోతుంది. రక్తంలో వృద్ధి చెంది, కొద్ది రోజులలో పురుగును చంపి, పైకి తెల్లని లేదా పచ్చని పొడిగా వెలువడుతుంది. అందుచేతనే ఆకు కొరకక, రసం పీల్చి బ్రతికే పేనుబంక, తెల్లదోమల మీద కూడా ఇవి పనిచేయగలుగుతున్నాయి.

మన దేశంలోనే దృష్టాంతాలున్నాయి. కొబ్బరిని తొలిచే కొమ్ము పురుగు గ్రుడ్లు పెట్టేది పేడ దిబ్బలలో. అక్కడే మెటారైజియం కలిపితే దాని పిల్ల పురుగులు నశిస్తాయి. 2016లో పొల్లాచి ప్రాంతంలో కొబ్బరిపై వలయాకారపు తెల్లదోమ కనిపించి, తరువాత గోదావరి తీరపు తోటలకూ పాకింది. దానిని అదుపు చేయడానికి బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఇసేరియా అనే శిలీంధ్రపు రకాన్ని సిద్ధం చేసింది.

ఇక ప్రమాదం సంగతి. వంగ, టమాటా తోటలో పురుగును చంపే బవేరియాకు, పక్క ఇంటిలోని పట్టుపురుగు కూడా పురుగే. మన పట్టు రైతులు సున్నపుకట్టు రోగమని భయపడేది దీనినే. మెటారైజియం వలన కూడా పట్టుపురుగుకు పచ్చని బూజు రోగం రాగలదు. కనుక మల్బరీ తోట చేరువలోను, పట్టుపురుగులు పెంచే ఇంటి పరిసరాలలోను వీటిని చల్లరాదు. ఇరుగుపొరుగు రైతులు ముందుగా మాట్లాడుకొనకపోతే, ఒకరి సత్సంకల్పమే మరొకరి పంటను తుడిచిపెట్టవచ్చు. అటువంటి చోట వేరు మార్గాలు లేకపోలేదు. బొప్పాయి పిండినల్లి తమిళనాడులో మల్బరీని పీడించినప్పుడు, 2010లో విదేశం నుండి తెప్పించి విడిచిన చిన్న పరాన్నజీవి కందిరీగలు దానిని అణచివేశాయి.

ఇతర పొలాలలో వాడేవారు కొన్ని నియమాలు పాటించాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బీజాలను చంపుతాయి. కనుక సాయంకాలమే చల్లాలి. గాలిలో తేమ ఉన్న రోజులు శ్రేష్ఠం. తెగుళ్ళ మందులతో కలపరాదు. అవి శిలీంధ్రాన్నే చంపుతాయి. పొట్లం మీద తయారైన తేదీని చూసి కొని, చల్లని చోట భద్రపరచాలి. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. అన్నిటికంటె ముఖ్యమైనది ఓర్పు: మరునాడే పురుగు రాలలేదని విషపు మందు డబ్బా అందుకొంటే, పెట్టిన ఖర్చు వ్యర్థమవుతుంది.

విద్యార్థులకు ఒక మనవి. వర్షాకాలంలో ఆకు అడుగున తెల్లగానో, పచ్చగానో బూజు పట్టి బిగుసుకొన్న లద్దె పురుగు కనిపిస్తే త్రొక్కివేయకండి. ఏ పైరు మీద, ఏ మాసంలో కనిపించినదో వ్రాసి, మీ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు చూపండి. తల్లిదండ్రులకు ఆ సంగతి మన తెలుగులోనే విడమరచి చెప్పండి. పొలానికి చేరిన చదువే ఈ పాఠశాలకు మీరు చెల్లించే గురుదక్షిణ.