మన బిడ్డల ప్రశ్నలకు జవాబు ఎవరు చెప్పుదురు?

(బోరబండలో యౌవనస్థుల కూటమియందు, తలిదండ్రుల సమక్షమున చేసిన ప్రసంగము)



ఈ విషయముపై నన్ను మాట్లాడుమన్నారని విని ఒక పెద్దమ్మగారు, "గుడిలో ఆ మాటలెందుకు సిస్టరమ్మా?" అని అడిగిరి. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగమున చాలకాలము నర్సుగా పనిచేసినదానను. ఆమెకు జవాబుగా ఒక కుర్రవాని సంగతి చెప్పెదను.

అతడు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుండెను. మన వంటి ఇంటి బిడ్డయే. మర్మస్థానమున ఒక పుండు లేచినది, నొప్పి లేదు. ఇంటిలో చెప్పలేక, గోడమీద "రహస్య వ్యాధులకు గ్యారంటీ చికిత్స" అను కాగితము చూచి, లాడ్జిలో మకాము వేసిన వైద్యుని యొద్దకు పోయెను. ఆ వైద్యుడు పొట్లాలిచ్చి, పరీక్ష ఫీజుకని ఇంటివారిచ్చిన సొమ్మంతయు తీసుకొనెను. నెల తిరిగేసరికి పుండు మానినది. పిల్లవాడు గండము గడిచినదనుకొనెను. కొన్నాళ్లకు అరచేతులలో, అరికాళ్లలో మచ్చలతో మా విభాగమునకు వచ్చెను. రక్తపరీక్షలో సవాయి రోగమని తేలినది.

ఇందులోని మోసము గ్రహించుడి. సవాయి పుండు మందు వేసినను వేయకున్నను 3 మొదలు 6 వారములలో తానే మానును. రోగము మాత్రము లోపలనే యుండి, ఏండ్ల తరువాత గుండెను, మెదడును చెరుపగలదు. తల్లి గర్భములోని శిశువునకును సోకగలదు. పుండు మాన్పిన పేరు లాడ్జి వైద్యునికి దక్కును. అసలు మందు పెన్సిలిన్. తొలి దశలలో ఒక్క మోతాదు చాలును.

"ఇంట్లో చెప్పకండి సిస్టరమ్మా" అని ఆ బిడ్డ నా చేతులు పట్టుకొనెను. రోగముకంటె తండ్రికే ఎక్కువ భయపడెను. అతనికి నయమైనది. కాని ఆ ఆలస్యములో అతని వలన మరెవరికి సోకినదో అతడు చెప్పలేదు. ఆమెకు చికిత్స అందినదో లేదో నేటికిని నాకు తెలియదు.

"మన పిల్లలు అటువంటివారు కారు" అని మనమందుము. ఎయిడ్స్‌ను గూర్చి మన దేశములో అనేకులు అట్లే అనుకొనిరి. అది పరదేశపు రోగమనిరి. 1986లో మద్రాసులో డాక్టరు సునీతి సోలొమన్ గారి విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాలలో హెచ్.ఐ.వి. బయటపడినది. మనము లేదనుకొన్నంత మాత్రమున రోగము ఆగదు.

పిల్లలకు ప్రశ్నలుండును. ఒక తరమువారు నాస్తికోద్యమ నాయకులు గోరా గారి కుమారులు డాక్టరు సమరం గారు స్వాతి వారపత్రికలో వ్రాసిన జవాబులను చాటుగా చదువుకొనిరి. మనము నోరు మెదపని చోట ఆయన వైద్యుడుగా మాట్లాడిరి. నేటి పిల్లలు సెల్‌ఫోనును అడుగుచున్నారు. అందులో వైద్యుడున్నాడు, లాడ్జి వైద్యుడును ఉన్నాడు.

ఫిలింనగరు మనకు దూరము కాదు. సినిమా పనితో బ్రదుకు కుటుంబములను నేను తక్కువ చేయను. అయితే కాదన్న పిల్ల వెంటబడి నాయకుడు ఒప్పించుట తెరమీద ముచ్చటగా నుండును. వీధిలో అది నేరము. ఇంటరు పిల్లలు మరియొకటి తెలిసికొనవలెను. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారి సమ్మతి చెల్లదు.

యౌవనస్థులారా, కొన్ని మాటలు సూటిగా చెప్పెదను. నిద్రలో వీర్యము పోవుట రోగము కాదు; నరముల బలహీనత యని బెదరించువానికి రూపాయి ఇయ్యకుడి. ఆడపిల్లలలో సుఖవ్యాధులు పలుమారు గురుతు లేకయే యుండి, గర్భసంచికి, గొట్టములకు హాని చేయును. దుర్వాసనతోనో దురదతోనో తెల్లబట్ట అయినచో దాచక వైద్యురాలికి చూపుకొనుడి. హెచ్.ఐ.వి. కలిసి భుజించుట వలన, చేయి కలుపుట వలన రాదు. సోకినను ఏండ్ల తరబడి పైకి కనబడకపోవచ్చును, పరీక్షయే దారి. 2004 నుండి ప్రభుత్వము దీనికి ఉచితముగా మందులిచ్చుచున్నది. 2017 నాటి చట్టము మీ అనుమతి లేనిదే పరీక్ష చేయరాదనియు, రోగము పేర చదువునుండి తొలగించరాదనియు చెప్పుచున్నది.

నిగ్రహము, నమ్మకము మంచివి, వాటిని నేర్పుదము. కాని నిరోధ్ సంగతి, పరీక్ష సంగతి దాచుట నీతి కాదు. తప్పటడుగు వేసిన బిడ్డకు ప్రాణముతో శిక్ష వేయుటయగును.

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కినవారు గంటలోపు గాంధీ ఆసుపత్రికి చేరుదురు. 1097కు ఫోను చేసినచో డబ్బు లేకుండ సలహా దొరకును. ఆసుపత్రి దగ్గరనే యున్నది. మన ఇంటి గడపయే దూరమైనది.

కాబట్టి తలిదండ్రులారా, బిడ్డ నోరు తెరచిన రోజున "ఎవరితో తిరిగినావు?" అని మొదట అడుగకుడి. "నొప్పిగా ఉన్నదా? రేపు ఉదయము ఆసుపత్రికి పోదము, నేనును వచ్చెదను" అనుడి. తక్కిన మాటలు తిరిగి వచ్చినాక మాట్లాడుకొనవచ్చును.

పెద్దమ్మగారూ, గుడిలో ఆ మాటలెందుకనగా, ఆ కుర్రవాడు ప్రతి ఆదివారము గుడికి వచ్చినవాడే. ఎవరిని అడగవలెనో అతనికి తెలియలేదు.