గుణమా, నొప్పా?

పెంపుడు జంతువు తీరు మారినప్పుడు ఇంటివారు దానికి ముందుగా పెట్టే పేర్లు మొండితనం, పొగరు, ముసలితనం. ఈ మూడింటిలో ఏదీ రోగనిర్ధారణ కాదు. ఏళ్ళ తరబడి సాధువుగా మెలిగిన కుక్క నిమరబోయిన చేతిని కరిచినా, శుభ్రతకు పెట్టింది పేరైన పిల్లి గది మూలన మూత్రం పోసినా, ఆ మార్పు వెనుక మానని నొప్పి ఉందేమో పరీక్షించిన తరువాతే దానిని గుణదోషంగా ఎంచాలన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం.

ముల్లు గుచ్చుకున్నప్పుడు, ఎముక విరిగినప్పుడు కలిగే తక్షణ నొప్పి శరీరానికి కాపలాదారు వంటిది. గాయపడిన అవయవాన్ని కదపనీయకుండా కాచి, గాయం మానగానే అది తప్పుకుంటుంది. మానవలసిన కాలం గడిచినా వదలక, సాధారణంగా మూడు నెలలకు మించి నిలిచేది దీర్ఘకాలిక నొప్పి. కీళ్ళ అరుగుదల, దంతవ్యాధులు, వెన్నెముక జబ్బులు, మానని చెవివాపు దీనికి తరచుగా కనిపించే కారణాలు. నొప్పి సంకేతాలు ఎడతెగక చేరుతూ ఉంటే వెన్నుపాములోని నాడీకణాలు క్రమంగా అతిస్పందనకు అలవాటు పడతాయి. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ప్రయోగపూర్వకంగా చూపిన ఈ స్థితిని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. ఆ స్థితిలో చిన్న దెబ్బ పెద్ద బాధ అవుతుంది, మామూలు స్పర్శ సైతం నొప్పిగా తోస్తుంది. కనుక నడుము మీద చేయి పడగానే గుర్రుమనే కుక్క ఆ చేతిని ద్వేషిస్తున్నదని అనుకోనక్కరలేదు.

పిల్లుల విషయంలో ఈ నొప్పి మరింత సులభంగా కంటపడకుండా పోతుంది. పన్నెండేళ్ళు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ళ క్షీణత కనిపించింది. ఎక్స్‌రేలో కనిపించే ప్రతి మార్పూ నొప్పి పెట్టకపోవచ్చు గాని, నొప్పి ఉన్న పిల్లి కూడా కుంటడం అరుదు, ఎందుకంటే తరచుగా రెండు వైపుల కీళ్ళూ దెబ్బతినడం వల్ల బరువును మార్చుకోవడానికి మంచి కాలు మిగలదు. అది చేసేదల్లా మానుకోవడమే: ఒక్క గెంతుతో ఎక్కే కిటికీ గట్టును ముందు కుర్చీ మీదుగా చేరుతుంది, కొన్నాళ్ళకు ఆ గట్టునే వదిలేస్తుంది, వెనక్కి తిరిగి నాకలేక తోక మొదట బొచ్చు అట్టకట్టనిస్తుంది, ఎత్తయిన అంచు దాటలేక మట్టి తొట్టి పక్కనే మూత్రం పోస్తుంది. చూసేవారికి ఇదంతా వయసు తెచ్చిన నెమ్మదిగానే కనిపిస్తుంది.

కుక్కలలో నొప్పి భయంగా రూపు మార్చుకోవడం కూడా ఉంది. శబ్దాలకు బెదిరే 20 కుక్కలను బ్రిటన్, బ్రెజిల్ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు వెలువరించారు. ఎముకల, కండరాల నొప్పి ఉన్న పదింటిలో ఈ భయం, నొప్పి లేని పదింటిలో కంటే సగటున నాలుగేళ్ళ ఆలస్యంగా మొదలైంది; పైగా అది ఆ శబ్దం విన్న చోటికి, ఆ పరిసరాలకు కూడా పాకింది. హఠాత్తుగా చప్పుడు కాగానే కండరాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న కండరం అరిగిన కీలును నొక్కుతుంది, జంతువు ఆ బాధను శబ్దానికి ముడిపెడుతుంది అన్నది వారి వివరణ. ఎన్నో దీపావళులు నిబ్బరంగా గడిపి, ఎనిమిదో తొమ్మిదో ఏట టపాకాయలకు మంచం కింద దూరే కుక్కకు తుంటి, మోకాళ్ళ పరీక్ష ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది. లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, సహచరులు 2020లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ప్రవర్తనా నిపుణుల వద్దకు వచ్చే కుక్కలు, పిల్లుల కేసుల్లో సుమారు మూడోవంతుకు, కొన్నిచోట్ల దాదాపు 80 శాతానికి, ఏదో ఒక నొప్పితో సంబంధం ఉంది. అటువంటి జంతువును దండిస్తే నొప్పికి భయం తోడై కరిచే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అనుమానం బలంగా ఉన్నప్పుడు పశువైద్యులు కొన్ని వారాలు నొప్పి మందు వాడి చూస్తారు. ప్రవర్తన కుదుటపడితే చికిత్సే సాక్ష్యమవుతుంది. ఇంట్లో ఉన్న మాత్ర వేయడం మాత్రం ప్రాణాంతకం. పారాసిటమాల్‌ను విరిచి బయటకు పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ కాబట్టి ఒక్క మాత్రే దాని రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేయగలదు. ఐబుప్రోఫెన్ కుక్క జీర్ణాశయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మందుతోపాటు బరువు తగ్గించడం, నున్నని టైల్స్ మీద కాలు జారని పట్టలు పరచడం, తొట్టి అంచును తగ్గించడం కూడా చికిత్సలో భాగాలే.

మాట్లాడలేకపోవడం నొప్పి లేదనడానికి ఆధారం కాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన తన నిర్వచనపు వివరణలో మనుషులతోపాటు జంతువులకూ వర్తించేలా స్పష్టం చేసింది. అయితే ఆ నొప్పిని ఆసుపత్రి బల్ల మీద గుర్తించడం కష్టం, ఎందుకంటే కొత్తచోట బెదిరిన జంతువు కుంటును సైతం దాచుకుంటుంది. మెట్ల దగ్గర ఆగి, ముందు కాళ్ళు పైమెట్టు మీద ఉంచి, వెనుక కాళ్ళను రెంటినీ జతగా లాక్కునే ఆ నాలుగు క్షణాలను చూడగలిగినవారు ఇంటివారే. దానిని ఫోనులో చిత్రించి వైద్యునికి చూపడం కరిచిన కుక్కను గొలుసుతో కట్టివేయడానికి ముందు జరగవలసిన పని.