సిడ్నీ ఒపేరా హౌస్ నుంచి మన బడి వేదిక దాకా

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



ఆస్ట్రేలియా విశేషాలు నాలుగు ముక్కలు చెప్పమన్నారు. మన కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు ఇప్పుడు ఏ వాడకట్టులో చూసినా ఒకరిద్దరి పిల్లలు విదేశాల్లో ఉన్నారు. తల్లిదండ్రులు పోయి వస్తూనే ఉన్నారు. కాబట్టి విమానం గురించో కంగారూల గురించో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. నేను సిడ్నీ ఒపేరా హౌస్ ఒక్కదాని గురించే మాట్లాడుతాను. మన సంఘం ఈ ఏడాది తీసుకోవాల్సిన ఒక నిర్ణయానికి దానితో సంబంధం ఉంది.

మా అమ్మాయి వాళ్లు పారమట్టా దగ్గర ఉంటారు. అక్కడి నుంచి రైల్లో పోయి సర్కులర్ కీ స్టేషన్‌లో దిగి నీళ్ల వైపు నిలబడితే, ఎడమ చేతి వైపు 1932 నాటి హార్బర్ వంతెన, కుడి చేతి వైపు ఒపేరా హౌస్ కనిపిస్తాయి. పది నిమిషాల నడక. మూడు దిక్కులా సముద్రపు నీళ్లు. ఫొటోల్లో తెల్లటి తెరచాపల్లా కనిపించే ఆ పైకప్పు దగ్గరికి పోయి చూస్తే ఒకే తెలుపు కాదు. మెరిసే తెల్ల పలకలు, మెరవని మీగడ రంగు పలకలు కలిపి పేర్చారు. స్వీడన్‌లో చేయించిన ఆ పలకలు పది లక్షలకు పైనే. ముందున్న వెడల్పాటి మెట్ల మీద ఎవరైనా కూర్చోవచ్చు, టికెట్ లేదు. లోపల తిప్పి చూపించడానికి గైడు ఉంటాడు, దానికి మాత్రం టికెట్.

దాని పుట్టుక కథ వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. పోటీకి 233 నమూనాలు వచ్చాయి. 1957లో డెన్మార్క్‌కు చెందిన యోర్న్ ఉట్జన్ అనే 38 ఏళ్ల వాస్తుశిల్పి గెలిచాడు. 1959లో పని మొదలైంది. కానీ ఆ పైకప్పును ఎట్లా నిలబెట్టాలో అప్పటికి ఎవరికీ తెలియదు! ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు ఏళ్ల తరబడి లెక్కలు వేశారు. చివరికి 1961లో దారి దొరికింది. ఆ గుల్లలన్నీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలు అనుకుంటే చాలు. ఒకే బత్తాయి తొక్కను చిన్నగా, పెద్దగా కోసినట్టన్నమాట. వంపు అన్నిటికీ ఒక్కటే కాబట్టి కాంక్రీటు భాగాలను ఒకే తీరు అచ్చుల్లో పోసుకొని పైకెత్తి పేర్చారు. గోళం పాఠం మాకు బోర్డు మీద చెప్పిన లెక్కల సారు ఇక్కడే ఉన్నారు. సారూ, ఇది ఎందుకు పనికొస్తుందని వెనుక బెంచీ వాళ్లు అప్పుడు అడిగినదానికి జవాబు సిడ్నీలో ఉంది.

నాలుగేళ్లలో, 70 లక్షల డాలర్లలో అయిపోతుందనుకున్న పని 14 ఏళ్లు పట్టింది. ఖర్చు 10 కోట్ల 20 లక్షల డాలర్లు. అందులో చాలా భాగం లాటరీ టికెట్లు అమ్మి సమకూర్చారు. మధ్యలో కొత్త ప్రభుత్వంతో పొసగక 1966లో ఉట్జన్ పని వదిలి వెళ్లిపోయాడు. 1973 అక్టోబరు 20న ఎలిజబెత్ రాణి ప్రారంభించిన రోజు ఆయన లేడు. 2004లో లోపల ఒక గదికి ఆయన పేరు పెట్టారు. 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. 2008లో ఆయన చనిపోయాడు, పూర్తయిన భవనాన్ని కళ్లారా చూడకుండానే.

ఇదంతా బయటి కథ. నా మనసులో నిలిచింది లోపలి కథ.

మొదట అక్కడి పెద్ద హాలును కచేరీలకూ ఒపేరాకూ రెండింటికీ అనుకున్నారు. ఉట్జన్ పోయిన తర్వాత దాన్ని కచేరీలకే కేటాయించి, అప్పటికే బిగించిన వేదిక యంత్రాలను ఊడదీశారు. ఒపేరా చిన్న హాలుకు పోయింది. పేరేమో ఒపేరా హౌస్, ఒపేరాకు దక్కిందేమో చిన్న హాలు! పోనీ, పెద్ద హాలైనా బాగా కుదిరిందా అంటే, వేదిక మీద ఒకరి వాద్యం ఒకరికి సరిగ్గా వినిపించడం లేదని సంగీతకారులు ఏళ్ల తరబడి చెప్తూనే వచ్చారు. 2020లో హాలు మూసి, ధ్వని ఏర్పాట్లు కొత్తగా చేసి, 2022లో తెరిచారు. లోకమంతా ఫొటోలు తీసుకున్న పైకప్పు కింద వినికిడి బాగుపడటానికి దాదాపు యాభై ఏళ్లు పట్టిందన్నమాట.

నేను చిన్న హాలులో ఒక ఇటాలియన్ ఒపేరా చూశాను. వేదిక పైన చిన్న తెర మీద ఇంగ్లీషు అనువాదం వస్తుంది. మైకులు లేవు. గొంతు ఒక్కటే, అది చివరి వరుస దాకా వచ్చింది. కాసేపటికి ఆ తెర వంక చూడటం మానేశాను. పాటలోనే కథ నడవడం, పాడేవాళ్లే ఆడటం మనకు కొత్తనా? చిందు యక్షగానం తెల్లవార్లూ చూసిన ఊళ్లు మనవి. ఒగ్గు కథలో డోలు మోగుతుంటే, పక్కన వంత పాడేవాడే కాసేపు రాజవుతాడు, కాసేపు ఆడబిడ్డవుతాడు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట ఒక్క ఊరే ఒగ్గు కథకు మిద్దె రాములును, కవిత్వానికి సినారెను ఇచ్చింది. ఆదిలాబాద్ వైపు మార్లవాయి కనకరాజు గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల కళకు పుట్టినిల్లు ఊరి నడిమిట్ల జాగా, గుడి ముందరి చెట్టు కింద.

ఆ గైడు చెప్పిన ఇంకో ముచ్చట. ఒపేరా హౌస్‌లో మొట్టమొదట పాడింది రాణి ముందు కాదట. 1960లో, ఇంకా పునాదుల పని నడుస్తుండగా, అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ వచ్చి అన్నం వేళ కూలీల కోసం పాడాడు. వాళ్లు పరంజాల మీద కూర్చొని విన్నారు. గోదావరిఖని నుంచి వచ్చిన మిత్రులకు ఈ దృశ్యం నేను వివరించనక్కర లేదు.

మన దగ్గరా మంచి హాళ్లు వచ్చాయి. ఠాగూర్ శతజయంతికి 1961లో హైదరాబాద్‌లో రవీంద్రభారతిని రాధాకృష్ణన్ ప్రారంభించారు. హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాదిరాయి పడితే 2024లో తెరుచుకుంది. సంతోషమే. కానీ రవీంద్రభారతిలో ధైర్యంగా నిలబడి పాడే పిల్ల ముందు ఎక్కడో ఒక బడి వేదిక మీద వణుక్కుంటూ పాడి ఉంటుంది. ఆ మొదటి వేదిక మన బడిది కావాలని నా కోరిక.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్నదానికి రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి రోడ్డు మీద దాతల పేర్లతో పెద్ద కమాను. రెండోది పాత వేదికను బాగు చేయడం. కమాను అడిగినవాళ్ల మాటలో న్యాయం ఉంది. బడి దూరం నుంచే కనిపించాలి, ఇచ్చినవాళ్ల పేరు నిలవాలి. కానీ మన వేదిక సంగతి చూడండి. రేకులు కారుతున్నాయి. ఎత్తు చాలక వెనుక కూర్చున్న పిల్లలకు ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. వార్షికోత్సవం నాడు ఆడపిల్లలు తరగతి గది కిటికీలకు దుప్పట్లు కట్టుకొని వేషాలు వేసుకుంటున్నారు. బయటి అందం ముందు, లోపలి పని తర్వాత అనుకుంటే ఎన్నేళ్లు పడుతుందో సిడ్నీ చెప్పింది. వాళ్ల దగ్గర డబ్బుంది, ఆగగలిగారు. మన పిల్లలు పదో తరగతితో వెళ్లిపోతారు, వాళ్లు ఆగలేరు.

కాబట్టి నా మనవి ఇది. వేదిక రెండడుగులు ఎత్తు పెంచుదాం. మంచి పైకప్పు, వెనుక గోడ, ఒక పక్క మెట్లు, ఇంకో పక్క ర్యాంపు, తలుపు గడియ ఉన్న ఒక వేషాల గది కట్టిద్దాం. ఏడాదికి ఒకసారి మన ఊళ్ల ఒగ్గు, చిందు కళాకారులను పారితోషికం ఇచ్చి పిలుద్దాం, పిల్లలు దగ్గర కూర్చొని వింటారు. గోడ మీద పేర్లు రాయాల్సి వస్తే, మనకు నాటకం నేర్పిన సార్ల పేర్లు, టీచర్ల పేర్లు ముందు రాద్దాం. ఉట్జన్ పేరు గదికెక్కడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మన సార్లలో కొందరు ఈ రోజు మన ఎదుటే ఉన్నారు, వాళ్లు చూస్తుండగానే రాద్దాం.

పైకప్పు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. మిగతాది ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో మీరు తేల్చాలి.