యుద్ధం సినిమాలు - ఒక గన్నర్ అభిప్రాయం
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "సాబ్, మీరు ఈమధ్య చూసిన యుద్ధం సినిమాలు, థ్రిల్లర్ల గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. మాట్లాడటం నేర్చుకున్నది గన్ పొజిషన్‌లో. అక్కడ అరిస్తేనే వినపడుతుంది. కాబట్టి నా గొంతు పెద్దదైతే మైకు తగ్గించండి. పైగా నా ఎడమ చెవి సగమే పని చేస్తుంది. థియేటర్లో సౌండ్ ఎక్కువైందని అందరూ చెవులు మూసుకుంటుంటే నాకు సరిగ్గా సరిపోతుంది.

రిటైరయ్యాక సినిమాలు చూడటం ఎక్కువైంది. మా ఆవిడ సీరియళ్ళు అయ్యాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి టీవీ నాది. కొత్తవాటితో పాటు పాతవి కూడా మళ్ళీ చూశాను. యూనిట్‌లో తెర కట్టి చూపించినప్పుడు అలసిపోయి సగం నిద్రలో చూసిన సినిమాలు ఇన్నేళ్ళకి పూర్తిగా చూడటం కుదిరింది.

ముందు మా తోపులవాళ్ళ ఫిర్యాదు ఒకటి చెప్పేస్తాను, తర్వాత అడ్డు రాను. 2021లో వచ్చిన 'షేర్షా' చూశాను. కెప్టెన్ విక్రమ్ బత్రా, 13 జమ్మూ కాశ్మీర్ రైఫిల్స్, పాయింట్ 5140, పాయింట్ 4875. బాగా తీశారు. కొండ ఎక్కేటప్పుడు ఊపిరి అందకపోవడం, రాయి చాటున ఒకడి వెనక ఒకడు నక్కి ఉండటం చూస్తుంటే నాకూ ఆయాసం వచ్చింది. కానీ తోపులేవండీ? 1999లో కార్గిల్‌లో మన ఆర్టిలరీ కాల్చిన షెల్స్, రాకెట్లు అన్నీ కలిపి రెండున్నర లక్షల దాకా ఉన్నాయి. బోఫోర్స్ షెల్ ఒక్కొక్కటి నలభై కిలోలు దాటుతుంది. ద్రాస్‌లో పదివేల అడుగుల పైన, గాలి పల్చగా ఉన్న చోట, దాన్ని ఎత్తి లోడ్ చేసే కుర్రాడి నడుము సంగతి ఎవరైనా చూపించారా? సినిమాలో పైనెక్కడో "ధన్" మంటుంది, అంతే. నేను కార్గిల్‌లో లేను, అప్పుడు మా రెజిమెంట్ వేరే సెక్టర్‌లో ఉంది. కాబట్టి ఇది సొంత గొప్ప కాదు. 2022 జూలైలో ఆ పాయింట్ 5140కే మా ఆర్టిలరీ గౌరవార్థం 'గన్ హిల్' అని పేరు పెట్టారు. సినిమా ఒక్క ఏడాది ఆగి తీసుంటే మాకూ నాలుగు సీన్లు దక్కేవేమో.

ఇంకొకటి. షెల్ పడితే సినిమాలో పెట్రోలు డ్రమ్ము అంటుకున్నట్టు ఎర్రటి మంట లేస్తుంది. నిజానికి నల్లటి పొగ, దుమ్ము, రాళ్ళు లేస్తాయి. చంపేది మంట కాదు, కంటికి కనపడని ఇనప ముక్క. వైర్‌లెస్ సెట్ మీద హీరోలు గుండెలు బాదుకున్నట్టు అరవడం కూడా అంతే. మంచి ఓపీ ఆఫీసరు "యాడ్ రెండొందలు, లెఫ్ట్ వంద" అని కూరగాయల లెక్క చెప్పినట్టు మెల్లిగా చెబుతాడు. ఎంత ప్రమాదంలో ఉంటే అంత మెల్లిగా చెబుతాడు. అరిస్తే అవతల కమాండ్ పోస్టువాడికి అంకెలు తప్పుగా వినపడతాయి.

ఇక 'బోర్డర్'. 1997లో వచ్చింది. ఈ హాల్లో అది చూడనివాళ్ళు ఉండరు. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్‌లో లోంగేవాలా పోస్టు. మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ కింద 23 పంజాబ్ కంపెనీ, దాదాపు 120 మంది, ట్యాంకులతో వచ్చిన శత్రువుని తెల్లారేదాకా నిలబెట్టారు. తెల్లారాక జైసల్మేర్ నుంచి మన హంటర్ విమానాలు వచ్చి మిగతా పని చేశాయి. ఎయిర్‌ఫోర్సువాళ్ళు ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నారు, మీ వాటా ఎక్కువేనని ఒప్పుకుంటున్నాను.

సినిమాలో చూస్తే మనవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉంటారు. నిజంగా లోంగేవాలాలో మనవాళ్ళు చనిపోయింది ఇద్దరు. సునీల్ శెట్టి వేసిన వేషం బీఎస్‌ఎఫ్ జవాను భైరోఁ సింగ్‌ది. సినిమాలో ఆయన వీరమరణం పొందుతాడు, హాలంతా ఏడుస్తుంది. అసలు భైరోఁ సింగ్ రాఠోడ్ గారు ఆ రాత్రి బతికారు, సేనా మెడల్ అందుకున్నారు, రిటైరై ఊరికి వెళ్ళారు, తను చచ్చిపోయిన సినిమా కూడా వచ్చాక ఇంకా పాతికేళ్ళు ఉండి 2022 డిసెంబరులో కన్నుమూశారు. నాకు ఈ సంగతి పేపర్లో చూసిన రోజు అన్నం సహించలేదు. ఒక మనిషి మిషన్ గన్ పట్టుకుని రాత్రంతా నిలబడి, బతికి బయటపడితే, అది కథకి చాలలేదా? చంపితేగానీ జనానికి ఆనదని ఎందుకనుకోవాలి?

మనం సాయంత్రం గింతీకి నిలబడిన వాళ్ళం. లెక్క సరిపోతే లంగర్‌లో రోటీ రుచిగా ఉండేది. ఒక్కడు తక్కువైతే సాబ్ ముందు నిలబడి ఆ అంకె చెప్పాలంటే నోరు పెగిలేది కాదు. మంచి ప్లాటూన్ కమాండర్ అంటే ఎంతమందిని తీసుకెళ్ళాడో అంతమందినీ తీసుకొచ్చినవాడు. ఈ విషయంలో 2019లో వచ్చిన 'ఉరీ' నాకు నచ్చింది. అందులో హడావుడి ఎక్కువే, రాత్రి పూట అంత సులువుగా పనులు జరగవు. కానీ మేజర్ తన వాళ్ళందర్నీ వెనక్కి తేవాలన్న పట్టుదలతో ఉంటాడు. అందులోని జోష్ మాట పట్టుకుని మా మేనల్లుడి పెళ్ళిలో బ్యాండు మేళంవాళ్ళు కూడా అరిచారు, అది వేరే సంగతి.

థ్రిల్లర్ల విషయానికొస్తే, నాకు 'రాజీ' అన్నిటికంటే పైన. 2018లో మేఘనా గుల్జార్ తీసింది, హరీందర్ సిక్కా నవల ఆధారంగా. 1971 యుద్ధానికి ముందు ఒక కాశ్మీరీ అమ్మాయి పాకిస్తాన్ ఆఫీసరు ఇంటికి కోడలుగా వెళ్ళి ఇక్కడికి వార్తలు పంపుతుంది. తుపాకీ మోత చాలా తక్కువ. నౌకరు అనుమానంగా చూస్తేనే మనకి చెమట పడుతుంది. అత్తింటివాళ్ళు మంచివాళ్ళు, భర్త ఇంకా మంచివాడు. గెలిచి వెనక్కి వచ్చిన పిల్ల మొహంలో గెలుపు కనపడదు. సిగ్నల్స్ సోదరులు ఆ మోర్స్ కొట్టడం గురించి ఏమంటారో నాకు తెలియదు గానీ, భయం ఎలా ఉంటుందో అంత నిజంగా ఈమధ్య ఏ సినిమాలోనూ చూడలేదు. మా ఆవిడ కూడా సీరియల్ మానేసి కూర్చుని చూసింది.

మన తెలుగులో 'ఘాజీ' 2017లో వచ్చింది. దర్శకుడు సంకల్ప్ రెడ్డికి అదే మొదటి సినిమా. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. పాటలు లేకుండా, కామెడీ ట్రాకు లేకుండా, ఇనప గొట్టంలో రెండు గంటలు మనల్ని కూర్చోబెట్టాడు. విశాఖలో బీచ్ రోడ్డు మీద కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చూసినవాళ్ళకి ఆ ఇరుకు ఎంత నిజమో తెలుస్తుంది. నేను తల వంచుకుని వెళ్ళినా రెండు చోట్ల బొప్పి కట్టింది. అయితే సినిమాలో మన సబ్‌మెరైన్ వెళ్ళి ఘాజీని ముంచుతుంది. మన నేవీ చెప్పేది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే డెస్ట్రాయర్ డెప్త్ చార్జీలు వేసిందని. పాకిస్తాన్ వాళ్ళు లోపలి పేలుడో, వాళ్ళ మైన్లే పేలాయో అంటారు. ఎలా మునిగినా విశాఖ బయట సముద్రం అడుగున అది ఇప్పటికీ ఉంది. నాకున్న సందేహం వేరే. సబ్‌మెరైన్‌లో చెంచా కింద పడినా తిడతారని మా నేవీ మిత్రుడు చెప్పాడు. మరి శత్రువు పక్కనే ఉండగా అందరూ కలిసి పాడతారా? సభ అయ్యాక ఎవరైనా నేవీవారు చెప్పండి.

2024లో వచ్చిన 'అమరన్' తెలుగు డబ్బింగ్‌లో చూశాను. మేజర్ ముకుంద్ వరదరాజన్, 44 రాష్ట్రీయ రైఫిల్స్, అశోక చక్ర. అందులో నాకు నచ్చింది రెండు. ఇంట్లో ఫోను పక్కన పెట్టుకుని కూర్చునే ఆవిణ్ణి హీరోతో సమానంగా చూపించారు, సాయి పల్లవి బాగా చేసింది. ఆయనతో పాటు అదే ఆపరేషన్‌లో పోయిన సిపాయి విక్రమ్ సింగ్‌ని మర్చిపోలేదు. మామూలుగా సినిమాల్లో సిపాయిలు హీరో వెనక పరిగెత్తడానికే ఉంటారు, పేరు కూడా ఉండదు. జేసీఓ అయితే లావుగా ఉండి జోకులేస్తాడు. నన్ను చూసి నవ్వకండి, ఈ పొట్ట రిటైర్మెంట్ తర్వాతది.

చివరగా ఒక విషయం చెప్పాలి. ఇది చెప్పాలా వద్దా అని ఇక్కడికి వచ్చేదాకా ఆలోచించాను.

సినిమాలో జవాను పోయేటప్పుడు ఒక మాట చెప్పి పోతాడు. స్నేహితుడి ఒడిలో తల పెట్టుకుని, అమ్మకి ఒక కబురు, దేశానికి ఒక కబురు. నిజంగా ఆఖరి మాటలు చెప్పినవాళ్ళు ముందే ఉత్తరాల్లో రాసి పెట్టారు. 'ఎల్‌ఓసీ కార్గిల్'లో మన నాగార్జున వేసిన మేజర్ పద్మపాణి ఆచార్య వేషం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మేజర్‌గారి ఇల్లు హైదరాబాదులోనే. 2 రాజ్‌పుతానా రైఫిల్స్, 1999 జూన్ 28న పోయారు, మహావీర చక్ర. యుద్ధభూమి నుంచి ఆయన తండ్రికి రాసిన ఉత్తరం ఉంది. అదే పల్టన్‌లో కెప్టెన్ విజయంత్ థాపర్ రాసిన ఉత్తరం కూడా ఉంది. అవి చదివితే ఏ సినిమా డైలాగూ అక్కర్లేదు.

మావాడు ఉత్తరం రాసి పెట్టుకోలేదు. 2002 వేసవి, ఆపరేషన్ పరాక్రమ్ రోజులు. నేను హవల్దార్‌ని. ఓపీ పార్టీలో వైర్‌లెస్ ఆపరేటర్, శ్రీకాకుళం జిల్లా కుర్రాడు, ఇరవై రెండేళ్ళు. యాంటెనా సరిచేద్దామని బంకర్ బయటికి వచ్చాడు, అటు నుంచి వచ్చిన షెల్ దగ్గర్లో పడింది. నేను వెళ్ళేసరికే ప్రాణం లేదు. ఒక్క మాట లేదు. ఆ రోజు పొద్దున నాతో అన్న ఆఖరి మాట నాకు బాగా గుర్తుంది: "అన్నా, బ్యాటరీ డౌనైపోయింది, రేషన్‌తో పాటు కొత్తది పంపమను."

భాష వచ్చినవాణ్ణని పెట్టెతో నన్నే పంపారు. ఢిల్లీ మీదుగా విశాఖ, అక్కణ్ణుంచి వ్యానులో పల్లెకి. కార్యం అంతా అయ్యాక రాత్రి అరుగు మీద వాళ్ళ నాన్న నా పక్కన కూర్చుని, "ఆకర్ని ఏటన్నాడు బాబూ మావోడు?" అని అడిగాడు. ఊళ్ళో కుర్రాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. అందరూ సినిమాలు చూసినవాళ్ళే. నేను ఏమీ అనలేదని చెప్పలేకపోయాను. "మా నాన్నని బెంగ పెట్టుకోవద్దని చెప్పన్నా, దేశం కోసమే పోతున్నాను అన్నాడండీ" అని చెప్పాను. మొదటి ముక్క నేను అనుకున్నది. రెండో ముక్క ఎక్కడో సినిమాలో విన్నది.

ఏడాదికి వెళ్ళి చూస్తే బడి ముందు వాడి విగ్రహం పెట్టారు. కింద నల్లరాయి మీద నా మాట చెక్కించారు, వాడన్నట్టుగా. ప్రతి జనవరి 26కి పిల్లల చేత పైకి చదివిస్తారు. వాళ్ళ నాన్నకి ఇప్పుడు ఎనభై దాటాయి, ఆ మాట మీదే ఇన్నేళ్ళు ఉన్నాడని ఊళ్ళోవాళ్ళు అంటారు. వెళ్ళినప్పుడల్లా నేను ఆ రాయి వైపు చూడకుండా దండ వేసి వచ్చేస్తాను.

పోయిన నెల వాళ్ళ అన్న కొడుకు ఫోన్ చేశాడు. అగ్నివీర్‌కి తయారవుతున్నాడు, రోజూ పొద్దున పరుగు తీస్తున్నాడట. "బాబాయ్, చిన్నాన్న నిజంగా అలాగే అన్నాడా? తాతని అడగలేను, మీరు చెప్పండి" అన్నాడు. సిగ్నల్ సరిగ్గా లేదు, మళ్ళీ చేస్తానని పెట్టేశాను. ఇంకా చెయ్యలేదు. వాడు చేరబోయే కుర్రాడు. వాడికి బ్యాటరీ సంగతి చెప్పాలనే నాకు ఉంది. వాడికి చెబితే ముసలాయన దాకా పోతుందేమోనని భయం.

పెట్టెతో ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు ఈ హాల్లో ఇంకా ఉన్నారు, నాకు తెలుసు. మీరేం చెప్పారో, తర్వాత ఏం చేశారో, సభ అయ్యాక టీ దగ్గర నాకు చెప్పండి. కుడిచేతి వైపు నిలబడండి, అటు చెవి బాగా వినపడుతుంది.

జై హింద్.