గాజువాక విద్యుద్ద్వారము



విశాఖపట్టణపు రేవు నెఱుఁగనివా రుండరు. ఉక్కు కర్మాగారమును మీలోఁ బలువురు చూచియే యుందురు. ఆ చెంతనే గాజువాకలోనున్న వేఱొక కట్టడమును గూర్చి నేఁడు విన్నవించెదను.

విద్యుత్తును ఊరూరికిఁ జేర్చు తీగెల యల్లికను విద్యుజ్జాలమందురు. మన దక్షిణ జాలమును, ఒడిశా బెంగాలులతోఁ గూడిన తూర్పు జాలమును చాలకాలము వేఱువేఱుగా నుండెను. తూర్పున విద్యుత్తు మిగులుచుండ మనకుఁ గొఱఁతపడుచుండెను. తీగెలను ముడివేసినఁ జాలదా యందురేమో! ఈ విద్యుత్తు సెకనునకు సుమారు 50 పర్యాయము లూఁగుచుండును. రెండు జాలముల యూఁపు సరిపడనిచో, నడక కుదురని యెడ్ల నొక్క కాడికిఁ గట్టినట్లే.

కావున 1999లో గాజువాకయందుఁ బరివర్తకములను నెలకొల్పిరి. ఒడిశాలోని జయపురమునుండి వచ్చు విద్యుత్తు అచట ఊఁపు మాని, ఏకముఖముగాఁ బ్రవహించి, మరల మన జాలపు టూఁపును దాల్చును. ఒక బండి బస్తాలను వేఱొక బండి కెత్తుటవంటిది. ఎవరి యెడ్లు వారి నడకనే నడచును. 2005లో రెండవ విభాగము చేరఁగా దాని శక్తి 1000 మెగావాట్లయ్యెను.

2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య జాలములు మూఁడును గూలి కోట్లాది జనులు చీఁకటిపాలైరి. వానితో సూటిగా ముడిపడకుండుటచే దక్షిణ జాలము నిలిచెను. పొరుగువారితో నిచ్చిపుచ్చుకొనుటకై ప్రహరి పడఁగొట్టక తలుపు పెట్టిన యా యింజనీర్ల యోచన నాకు మిక్కిలి నచ్చినది. అయినను తలుపునఁ బట్టునది కొంతయే కదా! 2013 డిసెంబరు 31న రాయచూరు షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల తీగెతో దక్షిణ జాలమును దేశజాలముతో సూటిగాఁ గలిపిరి. నాఁటినుండి మన మోటార్లును ఢిల్లీ దీపములును ఒక్క యూఁపుననే నడచుచున్నవి.