పురపాలన పరిభాష

(పట్టణ పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



మనము కూర్చున్న యీ మందిరమునందు పత్రికలు ఉచితముగా లభించుచున్నవని మనలో పెక్కురు తలంచుచుందురు. అది సత్యము గాదు. 1960వ సంవత్సరపు గ్రంథాలయ శాసనము క్రింద ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును మనమే చెల్లించుచున్నాము.

పన్ను, సెస్సు, రుసుము అను మూడు మాటలను మనము ఒక్కటిగానే వాడుచుందుము. పద్దులు వ్రాయు గుమాస్తా అట్లు వాడడు. పన్ను సాధారణ నిధిలో కలియును. దానిని వీధిదీపములకు వెచ్చింపవలెనో, కాలువల పూడికతీతకు వెచ్చింపవలెనో సభ్యులు నిర్ణయింతురు. సెస్సు ఒక్క పనికై కట్టుబడిన సొమ్ము. రుసుము మనము కోరిన పనికి ప్రతిఫలము. గ్రంథాలయ సెస్సును పురపాలక సంఘము వసూలు చేయునే గాని అది దాని సొమ్ము గాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసినది. కావున ఈ మందిరమునకు క్రొత్త పుస్తకములు రాలేదని “పన్ను కట్టుచున్నాము గదా!” యని కేకవేసినచో ఎవరును జవాబు చెప్పరు. “క్రిందటి యేడు వసూలైన సెస్సెంత? సంస్థకు జమయైన దెంత?” అని యడిగినచో అంకెలు చూపక తప్పదు. మాట తెలిసినవాని ప్రశ్నకును, తెలియనివాని కోపమునకును గల భేదమును గూర్చియే నేడు ప్రసంగింప దలచితిమి.

గతవారము పురపాలక కార్యాలయపు గోడపై ఒక ప్రకటన అంటింపబడినది. “ముసాయిదా మాస్టర్ ప్లాను”, “భూవినియోగ జోనులు”, “అభ్యంతరములు, సూచనలు” - ఈ మూడు పలుకులే దాని ప్రాణము. మేము అచ్చట నిలిచియున్న అరగంటలో నలుగురైదుగురు వచ్చి చదివిరి. ఒక పెద్దమనిషి “మా రెండెకరములు పోయినవి” యని తలపట్టుకొనెను. మరియొకాయన “ఇది ముసాయిదాయే గదా! ఖరారైన పిమ్మట చూచుకొందము” అని బండియెక్కి పోయెను. ఇద్దరును చదువుకొన్నవారే, ఇద్దరును పొరబడిరి. రెండవ పొరపాటు మిక్కిలి ప్రమాదకరమైనది గనుక దానితోనే ప్రారంభింతము.

ముసాయిదా యనగా చిత్తు. అరబ్బీలో నలుపును దెలుపు మాటనుండి పుట్టి, సిరాతో నల్లచేసిన కాగితమను నర్థముతో మనకు వచ్చినది. చిత్తునకు విలువయేమని తేలికగా చూతుము గాని, పురపాలనలో పౌరునకు విలువగలది చిత్తే. దానికి గడువుండును. ఆ గడువులోపల వ్రాతమూలకముగా పంపిన అభ్యంతరమును విచారింపవలసిన బాధ్యత అధికారులపై నుండును. ప్రభుత్వము మంజూరు చేసి ఖరారైన పిమ్మట అదే మాటను చెప్పవలెనన్న “భూవినియోగ మార్పు” అను వేరొక ద్వారమున, దరఖాస్తుతోను, రుసుముతోను, పై ప్రభుత్వపు దయతోను ప్రవేశింపవలెను. గడువులోపల నొక కాగితముతో పోవు పనికి గడువు దాటిన పిమ్మట చెప్పులరుగ తిరుగవలసివచ్చును.

అభ్యంతరమన్న నోటిమాట గాదు. “మా ఊరికి అన్యాయము జరిగినది” అను నేడుపు గాదు. సర్వే నంబరు, పటములో దానికి వేసిన రంగు, నేడు ఆ భూమిలో నున్నదేమి, మనము కోరునదేమి - ఈ నాలుగును వ్రాసి, రెండవ ప్రతిపై తేదీతో కార్యాలయపు ముద్ర వేయించుకొన్నప్పుడే అది అభ్యంతరమగును. ముద్ర లేని కాగితము పోయినదన్నచో మనకు సాక్ష్యముండదు.

ఇక తలపట్టుకొన్న పెద్దమనిషి సంగతి. జోను అనునది భూమిని ఎవరికిని దత్తము చేయదు. పొలము పారిశ్రామిక జోనులో చూపబడినంతమాత్రమున పట్టా మారదు, నాగలి ఆగదు. భూమిని ప్రభుత్వము తీసికొనవలెనన్న 2013వ సంవత్సరపు భూసేకరణ శాసనము వేరుగా నున్నది. దానికి వేరు ప్రకటన, వేరు విచారణ, పరిహారము కలవు. అయినను ఆయన భయము నిరాధారమని మేమనజాలము. జోను యాజమాన్యమును ముట్టదు గాని వినియోగమును బంధించును. రేపు కుమారునికి ఇల్లు కట్టదలచిన అనుమతి రాకపోవచ్చును. కొనవచ్చినవాడు పటము చూచి ధర తగ్గించును.

కామారెడ్డిలో జరిగినది మీరు పత్రికలలో చదివియే యుందురు. 2022వ సంవత్సరాంతమున అచ్చటి ముసాయిదా ప్రకటింపబడగా, చుట్టుపట్ల రైతులు తమ పంటపొలములు పారిశ్రామిక జోనులో చూపబడెనని తెలిసి 2023 జనవరిలో వీధులకెక్కిరి. ఒక రైతు ఆత్మహత్య చేసికొనెను. కలెక్టరు కార్యాలయము ముట్టడింపబడెను, బంద్ జరిగెను. తుదకు ఆ నెలలోనే పురపాలక సభ ముసాయిదాను రద్దుపరచవలెనని తీర్మానించెను. జగిత్యాలలోను ఆ నెలలోనే అట్టి తీర్మానము జరిగెను. రైతుల పట్టుదలను మేము మెచ్చుకొందుము. కాని పటముపై రంగు వేసినవారు ఆ రంగునకు అర్థమేమో, అభ్యంతరము చెప్పుట యెట్లో ఊరూర తెలుగులో వివరించియుండిన నింత దూరము పోవలసియుండెనా? ప్రకటన గోడకు అంటించిన బాధ్యత తీరెననుకొను కార్యాలయములను గూర్చి మృదువుగా వ్రాయుట మాకు చేతగాదు.

పటములో రంగులకన్న రహస్యముగా నుండునవి గీతలు. మీ యింటి ముంగిటిమీదుగా ఒక గీత పోయినచో అది రాబోవు రోడ్డు వెడల్పు. నేడెవరును గోడ కూల్చరు. కాని మీరు మేడ కట్ట దరఖాస్తు పెట్టినదినమున ఆ గీతవరకు జాగా విడువుమందురు. దానికి బదులుగా కొన్నియెడల టి.డి.ఆర్. బాండు ఇత్తురు, అనగా బదలాయింపదగిన నిర్మాణ హక్కు. అది నగదు గాదు, కాగితము; మరియొకచోట అంతస్తు లేపదలచినవాడు కొన్ననాడే దానికి ధర. సెట్‌బ్యాక్ అనునది దీనికి భిన్నము: ఇంటిచుట్టును గాలికి, వెలుతురునకు విడువవలసిన జాగా; అది మీదిగానే యుండును.

లేఅవుటులోని “ఖాళీ స్థలము” అను మాటను మించి మోసపోయిన మాట లేదు. ఖాళీ యనగానే ఎవరిదియు గాదను భావము కలుగును. ఆంధ్రప్రదేశ్ నియమముల ప్రకారము లేఅవుటు వేయువాడు నూటికి 10 వంతుల భూమిని ఖాళీ స్థలముగా విడువవలెను. అది అచ్చట నివసించువారి ఊపిరి. బెంగుళూరులో రాజమహల్ విలాస్ విస్తరణమునందు ఉద్యానమునకై యుంచిన స్థలమును ప్రభుత్వము ఒక వైద్య ట్రస్టునకు ఆసుపత్రి కట్టుకొన ఇప్పించగా, ఆ పేటవాసులే న్యాయస్థానమున కెక్కిరి. ఆసుపత్రియు మంచిదే గదా యను వాదమును సుప్రీముకోర్టు 1991లో త్రోసిపుచ్చి ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పెను. ఉద్యానమని వ్రాసియున్నచో ఉద్యానమే.

పోరంబోకు కథయు నిట్టిదే. శిస్తు లెక్కకు వెలియైన ఉమ్మడి భూమికి - చెరువునకు, బాటకు, వాగునకు, శ్మశానమునకు - ఆ పేరు వచ్చినది. మనమో, పని లేక తిరుగువానిని తిట్టుటకు దానిని వాడుకొంటిమి! తిట్టుగా మారిన మాటను కాపాడువాడెవడు? ఊరి చెరువు గర్భములో ప్లాట్లు లేచుటకు కబ్జాదారుని బలమెంత కారణమో, మన నోటి తేలికయు నంత కారణమని మాకు తోచుచున్నది. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని 2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమునందు సుప్రీముకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. గ్రామకంఠము మాత్రము వేరు. అది జనము ఇండ్లు కట్టుకొని నివసించు ఊరి నడిబొడ్డు.

పల్లెలనుండి వచ్చిన సోదరులకు ఒక్కమాట. గ్రామపంచాయతీ వేరు, గ్రామసభ వేరు. పంచాయతీ యన ఎన్నికైన సభ్యులు. సభ యన ఓటర్ల జాబితాలోనున్న ప్రతి మనుష్యుడును, ప్రతి స్త్రీయును. తెలంగాణమున 2018 శాసనము రెండుమాసముల కొక్కసారియైనను సభ జరుపవలెనన్నది. “సభ జరిగినది” అని పుస్తకములో సంతకములుండి, ఊరిలో ఎవరికిని జ్ఞాపకము లేనిచో, అడుగవలసినది ఆ పుస్తకమునే.

స్థానిక స్వపరిపాలన మను మాట 1882లో రిపను ప్రభువు తీర్మానముతో మన దేశమున ప్రసిద్ధికెక్కెను. మద్రాసు రాజధానిలో 1884లో జిల్లాబోర్డులు వెలసెను. “స్వ” అను అక్షరము పేరులో నుండెను, అధ్యక్షపీఠముపై కలెక్టరు కూర్చుండెను. 1993లో అమలునకు వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ఆ యక్షరమునకు కొంత ప్రాణము పోసినవి. పట్టణ ప్రణాళికను పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములలో మొదటిదిగా చేర్చిరి. 3 లక్షల జనాభా గల పట్టణమునకు వార్డు కమిటీలు ఉండవలెననిరి. జిల్లా ప్రణాళికా సంఘమున ఐదింట నాలుగు వంతులకు తక్కువ గాకుండ సభ్యులు పంచాయతీల, పురపాలక సంఘముల సభ్యులు తమలోనుండి ఎన్నుకొన్నవారై యుండవలెననిరి. మన జిల్లాలో ఆ సంఘము కడపట ఎప్పుడు సమావేశమైనదో మీ కౌన్సిలరును అడిగి చూడుడు.

ప్రకటనలోని పటమునకు నకలు తెప్పించి ఆ బల్లపై పరచియున్నాము. పసుపుపచ్చ నివాసములకు, నీలము వర్తకమునకు, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ ఉద్యానములకు గుర్తు. అభ్యంతరములు వ్రాయుటకు కాగితములు కూడ నున్నవి. కళ్లజోడు మరచివచ్చిన పెద్దలకు సర్వే నంబర్లు మేము చదివి చెప్పెదము.