బందరు నోబిల్‌గారు
(వార్షిక మహాసభ యందు జేసిన యుపన్యాసము)



విద్యాదాత నొక్కనిని స్మరింపుమని అధ్యక్షులవారు నన్నాజ్ఞాపించినపుడు, మన కులమున బుట్టిన పండితు నెవ్వనినేని పేర్కొందునని వారు తలచియుందురు. నే నొక పాదిరిని గూర్చి చెప్ప నిలిచితిని. గురుశిష్యక్రమమే జీవనముగా గల యీ కూచిపూడి యందు అన్యమతస్థుడైన గురువును దలచుట యనుచితము కాదని నా నమ్మకము.

రాబర్టు టర్లింగ్టన్ నోబిల్‌గారు 1809వ సంవత్సరమున ఇంగ్లండులో జన్మించి, కేంబ్రిడ్జిలో జదివి, చర్చి మిషనరీ సంఘము పక్షమున 1841లో మన దేశమునకు వచ్చిరి. తోడువచ్చిన ఫాక్సుగారు ఊరూర మతబోధకు బూనుకొనగా వీరు బడి పెట్ట నిశ్చయించిరి. తెలుగు నేర్చి, 1843లో బందరున పాఠశాల దెరచిరి. 1865లో అచ్చటనే కన్నుమూయువరకు ఒక్కమారైనను స్వదేశమునకు బోలేదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పి, సెలవులకై పంచాంగము తిరుగవేసిన నాకు, సెలవులేని ఆ యిరువదినాలుగేండ్ల బరువు కొంత తెలియును. 1864 నవంబరు 1వ తేది యుప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మడిసిరి. అటుపిమ్మటను వారు బందరును విడువలేదు.

ఇక కష్టమైన మాట. 1852లో వారి శిష్యులు అయినాల భూషణము, మంచాల రత్నము అనువారు క్రైస్తవులైరి. పట్టణము కల్లోలమైనది; బడి ఖాళీయైనది. గురువు శిష్యుని మతము మార్చుట తగునా యని నేటికిని అడుగువారు కలరు. ఆ తల్లుల కన్నీరు అబద్ధము కాదు. కాని నోబిల్‌గారు తమ యుద్దేశమును దాచినవారు కారు. బైబిలు పాఠము బహిరంగముగనే చెప్పిరి. అది యెఱిగియే మనవారు పిల్లలను బంపిరి. కొంతకాలమునకు మరలను బంపిరి. ఇంగ్లీషు చదువుపై మన యాశ యట్టిది!

నన్ను బాధించునది వేఱొకటి. అంటరానివారనబడిన కులముల బిడ్డలకు ఆ బడిలో చోటులేకుండెను. ఇంగ్లండులోని పెద్దింటివారును తమ బిడ్డలను వంటవాండ్ర బిడ్డలతో గూర్చుండనీయరుగదా యని వారు సమాధానము చెప్పుకొనిరి. దేవుని యెదుట నందఱు సమానులని బోధించువారు బడి గుమ్మము కడ మన పట్టుదలకు లోబడిరి. ఆ లోపమున సగపాలు మనదే.

ఆ బడియే కళాశాలయైనది. రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు అచ్చట బోధించిరి. అచ్చట జదివిన కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగార్లు 1910లో బందరుననే ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పిరి. పాదిరిబడి శిష్యులు స్వదేశపు బడి గట్టుట చూడుడు! నోబిల్‌గారు చల్లిన విత్తొకటి, మొలచిన దింకొకటి.

దాతల కొక విన్నపము. మన విద్యానిధినుండి వేతనములు మన పిల్లలకు మాత్రమే యిచ్చుచున్నాము. ఈ యేట నొక్క వేతనమైనను, కులము నడుగక, ఈ పరిసర గ్రామముల పేదబిడ్డ కొకరికి నోబిల్‌గారి పేర నియ్యవలెనని తీర్మానము ప్రతిపాదించుచున్నాను. మొదటి చందాగా నా యొక నెల పింఛనును కోశాధికారిగారి చేత బెట్టుచున్నాను.